నాలుగు ఊళ్ల నుంచి ఒక బ్లూస్ పాట: ఏ వరుసలో రికార్డు చేయాలి?

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన మేరకు చెబుతాను. మీరు నలుగురు మిత్రులు. గిటారు వాయించే మీరు హైదరాబాదులో, గాయకుడు విశాఖపట్నంలో, కీబోర్డు వాయించే ఆయన బెంగళూరులో, బేస్ గిటారు వాయించే ఆయన డాలస్‌లో ఉన్నారు. డ్రమ్స్‌కు మనిషి లేడు. అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతంలో పేరొందిన గాయకుడు, గిటారిస్టు బి. బి. కింగ్ వల్ల లోకప్రసిద్ధమైన ‘ది థ్రిల్ ఈజ్ గాన్’ పాటను ఎవరి ఇంట్లో వారు రికార్డు చేసి ఒకటిగా కలపాలనుకున్నారు. నిమిషానికి 90 బీట్ల క్లిక్ (లయ చూపే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని, నలుగురూ ఒకే వారంలో తమ తమ భాగాలు విడివిడిగా వాయించి పంపుకున్నారు. శ్రుతి కుదిరింది, లయ కూడా దాదాపు కుదిరింది, అయినా పాటలో ప్రాణం లేదు. లోపం మైకులదా, సాఫ్ట్‌వేర్‌దా, మిక్సింగుదా అని అడిగారు.

మీరు జతచేసిన పరికరాల జాబితా చూశాక, లోపం వాటిలో లేదనే నా అభిప్రాయం. మీరు రికార్డు చేసిన వరుసలోనే లోపం ఉంది. నలుగురూ ఒకేసారి వాయించారంటే, ఎవరూ ఎవరినీ వినకుండా వాయించారన్న మాట. వేరే తరహా పాటల్లో ఇది కొంతవరకు చెల్లుతుంది కాని, బ్లూస్‌లో చెల్లదు. ఎందుకో తెలియాలంటే పాట కట్టుబడిని ఒకసారి చూడాలి.

ఈ పాట 12 బార్ల (ఒక బార్ అంటే నాలుగు బీట్లు) ఆవర్తనం మీద నడుస్తుంది. మూల శ్రుతి బి మైనర్. మొదటి నాలుగు బార్లు బి మైనర్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు), తరువాతి రెండు ఇ మైనర్, మళ్లీ రెండు బి మైనర్, తొమ్మిదో బార్‌లో జి మేజర్ సెవెన్, పదో బార్‌లో ఎఫ్ షార్ప్ సెవెన్, చివరి రెండు బార్లు మళ్లీ బి మైనర్. 90 వేగంలో ఒక ఆవర్తనానికి 48 బీట్లు, అంటే సరిగ్గా 32 సెకన్లు. సాహిత్యం కూడా ఈ కొలతకే ఒదిగి ఉంటుంది: ఒక పాదం పాడతారు, దాన్నే దాదాపు అలాగే మళ్లీ పాడతారు, మూడో పాదంతో ముగిస్తారు. ఒక్కొక్క పాదానికి నాలుగు బార్లు కేటాయించినా, గొంతు అందులో సుమారు సగమే వాడుకుంటుంది. మిగిలిన సగం గిటారుది. బుర్రకథలో కథకుడు ఆపిన చోట వంతలు అందుకున్నట్టు, గొంతు ఆగిన చోట గిటారు అందుకుంటుంది. బి. బి. కింగ్ పాడేటప్పుడు ఆయన గిటారు మోగదు, గిటారు మోగేటప్పుడు ఆయన పాడడు. ఒకే మనిషి రెండు పాత్రలు పోషిస్తున్నాడు కనుక ఆ సంభాషణ ఆయనకు సహజంగా వచ్చింది. మీ విషయంలో ఆ రెండు పాత్రలూ వేర్వేరు ఊళ్లలో ఉన్నాయి, పైగా మీ గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో తెలియకముందే మీరు జవాబులు వాయించి పంపేశారు. అడగని ప్రశ్నకు చెప్పిన జవాబులు ఎంత చక్కగా ఉన్నా అతకవు.

అయితే నలుగురూ ఇంటర్నెట్‌లో ఒకేసారి కలిసి వాయిస్తే సరిపోదా అని మీలో ఒకరు అడిగినట్టు రాశారు. డాలస్‌తో అది జరగదు. హైదరాబాదు నుంచి డాలస్‌కు భూగోళం మీద దగ్గరి దారే 14 వేల కిలోమీటర్ల పైన ఉంటుంది, ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, కనుక ఎంత గొప్ప కనెక్షన్ ఉన్నా ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు తప్పవు. కలిసి వాయించేవారికి 25, 30 మిల్లీసెకన్లు దాటిన ఆలస్యం ఇబ్బంది పెట్టడం మొదలుపెడుతుంది. గాలిలో శబ్దం లెక్కన చూస్తే 70 మిల్లీసెకన్లంటే 24 మీటర్ల దూరం. పెద్ద కల్యాణమండపంలో ఈ గోడ దగ్గర బేస్, ఆ గోడ దగ్గర గిటారు నిలబడినట్టు ఉంటుంది. హైదరాబాదు, విశాఖపట్నాల మధ్య మాత్రం, ఇద్దరికీ కేబుల్ ద్వారా వచ్చే ఇంటర్నెట్ ఉంటే, సోనోబస్ లేదా జామ్యులస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సాధన చేయవచ్చు. దాన్ని సాధనకే వాడండి, రికార్డింగుకు వాడవద్దు.

ఇక వరుస. మొదటి పని గైడ్ ట్రాక్. మన సినిమా పాటల్లో ట్రాక్ పాడించి, దాని మీద వాద్యాలు పూర్తి చేసి, చివరికి అసలు గాయకుడితో పాడించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది కదా, ఆ ఆలోచనే ఇక్కడా పనికివస్తుంది. ముందుగా గాయకుడిని అడిగి శ్రుతి నిర్ణయించండి. మూలంలో బి మైనర్ ఉంది కనుక అదే ఉండాలన్న పట్టుదల వద్దు. గొంతు పై స్థాయిలో కాస్త కష్టపడుతూ, అయినా పగలకుండా ఉండే శ్రుతి ఏదైతే అదే సరైనది. ఆ తరువాత పాట మొత్తాన్ని, ఖాళీ బార్లతో సహా, రిథమ్ గిటారు లేదా కీబోర్డు వాయిస్తూ ఒకే మనిషి పాడి రికార్డు చేయాలి. మీ గాయకుడికి నాలుగు కార్డులు పట్టడం వస్తే ఆయనే చేయడం అన్నిటికన్నా మేలు. రాకపోతే మీరే పాడండి. గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు, ఈ ట్రాక్ ఎవరూ వినబోరు. పాదం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఆగిన తరువాత ఎంత మౌనం ఉంటుంది అన్నవి మాత్రం అందులో ఉండాలి.

ఈ గైడ్‌ను క్లిక్ లేకుండా రికార్డు చేయమని నేను సలహా ఇస్తాను. దీనితో విభేదించేవారు చాలామంది ఉన్నారని తెలుసు. క్లిక్‌ను రెండు బార్లు విని, వేగం ఒంట్లోకి వచ్చాక దాన్ని ఆపేసి వాయించండి. పాడే పాదంలో కాస్త వెనక్కి, గిటారు చోట్ల కాస్త ముందుకు, 88 నుంచి 92 మధ్య వేగం తిరుగుతుంది. తిరగనివ్వండి. తరువాత రీపర్ వంటి రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క బార్ మొదటి బీట్ దగ్గర టెంపో గుర్తు పెట్టుకుంటూ పోతే, క్లిక్ మీ వాయింపును అనుసరిస్తుంది. ఐదున్నర నిమిషాల పాటకు సుమారు 120 బార్లు. ఓపికగా చేస్తే గంట పని. ఆ తరువాత అందరూ వినేది ఈ కదిలే క్లిక్‌నే. దీనికి రీపర్‌నే వాడాలని నియమం లేదు, కాని 60 రోజులు ఉచితంగా పరీక్షించుకోవచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లే, అందుకే దాని పేరు చెప్పాను.

ఫైళ్ల క్రమశిక్షణ విసుగు పుట్టించే విషయమే, అయినా సగం ప్రాజెక్టులు ఇక్కడే పాడవుతాయి. నలుగురూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైళ్లే పంపాలని ఈ రోజే ఒప్పందం చేసుకోండి. ఒకరు 44.1లో రికార్డు చేసి పంపిన ఫైలును ఇంకొకరి సాఫ్ట్‌వేర్ మార్చకుండా 48గా చదివితే, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి పోతుంది, ఐదు నిమిషాల పాట సుమారు 24 సెకన్ల ముందే అయిపోతుంది. ఎంపీ3 పంపవద్దు, నాణ్యత మాట అటుంచి, ఆ మార్పిడిలో ఫైలు మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరి, మీరు కుదిర్చిన లయ జరిగిపోతుంది. ప్రతి ఫైలూ, అందులో వాద్యం మూడో నిమిషంలో మొదలైనా సరే, పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి. పైన చెప్పిన కొలతలో ఒక మోనో ఫైలు నిమిషానికి తొమ్మిది మెగాబైట్లు కూడా ఉండదు, పాట మొత్తానికి 50 లోపే. గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డరు చాలు. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి.

హెడ్‌ఫోన్ల విషయంలో ఒక అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఇలాంటి ఒక పాటకు మిక్సింగు చేస్తున్నప్పుడు, గాయని పంపిన ప్రతి టేకూ ఆలస్యంగానే వినిపించింది. బ్లూస్‌లో వెనక్కి లాగి పాడటం ఒక అందం కనుక, కొత్తలో దాన్ని ఆమె శైలి అనుకుని మెచ్చుకున్నాను కూడా. మూడో పాదానికి వచ్చేసరికి అనుమానం వచ్చింది. ఆరా తీస్తే ఆమె బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని పాడిందని తేలింది. వాటిలో శబ్దం చెవికి చేరేసరికే 150 నుంచి 250 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. ఆమె తాను విన్నదానికి సరిగ్గానే పాడింది పాపం. ట్రాక్ మొత్తాన్ని ముందుకు జరిపితే సరిపోయింది కాని, ఆ పొగడ్తలు వెనక్కి తీసుకోవడం కష్టమైంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్లే వాడండి. అలాగే నలుగురూ ఒక పరీక్ష చేయండి: హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి, క్లిక్‌ను వినిపిస్తూ దాన్నే రికార్డు చేయండి. రికార్డయిన క్లిక్ అసలు క్లిక్ మీద కూర్చోకుండా కొంత వెనక పడితే, ఆ తేడాను సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో సరిచేయాలి. చవక ఇంటర్‌ఫేస్‌ల (మైకును, గిటారును కంప్యూటరుకు కలిపే పెట్టెల) డ్రైవర్లు తమ ఆలస్యాన్ని తప్పుగా చెప్పడం సాధారణం. మీ మొదటి ప్రయత్నంలో బేస్ ‘ఎందుకో బద్ధకంగా ఉంది’ అన్నారే, దాన్ని ఆయన వేళ్ల మీద నెట్టే ముందు ఈ పరీక్ష చేయించండి.

గైడ్ తయారయ్యాక డ్రమ్స్. మనిషి లేడు కనుక ప్రోగ్రామింగే గతి. అయితే రెండు బార్లు చేసి 60 సార్లు అతికించవద్దు. కీబోర్డు మీటలతోనో, చిన్న ప్యాడ్‌తోనో, గైడ్ వింటూ కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్)లను పాట మొదటి నుంచి చివరి దాకా చేత్తో వాయించండి, హై-హ్యాట్‌ను (జత తాళాలను) రెండో విడతలో చేర్చండి. సాఫ్ట్‌వేర్‌లోని ‘హ్యూమనైజ్’ మీట నొక్కితే బీట్లు అటూ ఇటూ యాదృచ్ఛికంగా చెదురుతాయి. మంచి డ్రమ్మర్ అలా చెదరడు, ఒకే తీరుగా స్నేర్‌ను 10, 15 మిల్లీసెకన్లు వెనక్కి వేస్తాడు. ఇంకొకటి: బ్లూస్ అనగానే తూగుతూ సాగే షఫుల్ నడక వేసేవారున్నారు. ఈ పాట షఫుల్ కాదు, నడక సూటిగా ఉంటుంది. మీ మొదటి ప్రయత్నంలోని డ్రమ్ లూప్‌లో ఆ తూగు ఉంది, బేస్‌లో లేదు, రెండూ పోట్లాడుకుంటున్నాయి.

తరువాత బేస్, డ్రమ్స్‌నూ గైడ్‌నూ కలిపి వింటూ. మూలంలో బేస్ వాయించినది జెర్రీ జెమ్మాట్, డ్రమ్స్ హెర్బీ లవెల్, కీబోర్డు పాల్ హారిస్, రెండో గిటారు హ్యూ మెక్‌క్రాకెన్. బేస్‌ను మాత్రమే పట్టుకుని పాటను నాలుగుసార్లు వినమని డాలస్ మిత్రుడికి చెప్పండి. ఎన్ని స్వరాలు వాయించారన్నదానికన్నా, ఒక్కొక్క స్వరాన్ని ఎక్కడ ఆపారన్నది గమనించాలి. కీబోర్డుకు నా సలహా ఒక్కటే: కుడి చేయి గొంతు ఉండే స్థాయిలోకి రాకూడదు, గొంతు లేని చోట గిటారు ఉంటుంది కనుక అక్కడికీ రాకూడదు. అంటే వాయించడానికి పెద్దగా ఏమీ మిగలదు, ఈ పాటలో కీబోర్డుకు అంతే పని.

ఇప్పుడు అసలు గాత్రం. గది సరిగా లేని ఇంట్లో ఖరీదైన కండెన్సర్ మైకు కన్నా ఎస్ఎం58 వంటి డైనమిక్ మైకే మేలు. కండెన్సర్ గొంతుతో పాటు పక్కింటి కుక్కర్ విజిల్‌నూ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. మైకుకు నోటికి మధ్య బెత్తెడు దూరం చాలు. ఫ్యాను, ఏసీ ఆపాలి. విశాఖలో మే నెలలో ఇది శిక్షే, తెల్లవారుజామున రికార్డు చేసుకోండి. గాయకుడి వెనక గోడకు బొంతలు వేలాడదీయాలి, బట్టలున్న బీరువా తలుపులు తెరిచి ఉంచాలి. చాలామంది మైకు వెనకే బొంతలు కడతారు కాని, మైకు వినేది గాయకుడి వైపు నుంచి కనుక ఆయన వెనక గోడే ముఖ్యం. లెవెల్ గరిష్ఠంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తిరిగేలా పెట్టండి, 24 బిట్‌లో అంతకన్నా పైకి నెట్టాల్సిన అవసరం లేదు. పాదం పాదం అతికించకుండా, మొదటి నుంచి చివరి దాకా ఐదు పూర్తి టేకులు పాడించండి. ఒక టేకును వెన్నెముకగా తీసుకుని, తప్పిన చోట్ల మాత్రమే మిగతా వాటి నుంచి తెచ్చుకోండి. పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లవద్దు. ఈ సంగీతంలో మైనర్ థర్డ్ (మన సాధారణ గాంధారం) చాలాసార్లు పియానో మీట కన్నా కొద్దిగా పైన నిలుస్తుంది. యంత్రం దాన్ని తప్పనుకుని దించేస్తుంది.

మీ లీడ్ గిటారు అన్నిటికన్నా చివర. ఇదే నా సమాధానంలో అసలు మాట. గాత్రం ఖరారయ్యాక, దాన్ని పెద్దగా పెట్టుకుని, వాద్యం ముట్టకుండా రెండుసార్లు వినండి. గాయకుడు మాట చివర గొంతు దించాడా, తెంచాడా, ఊపిరి ఎక్కడ వదిలాడో చూడండి. ఆ తరువాత వాయించండి. గొంతు పూర్తిగా ఆగేదాకా ఆగండి, తరువాతి పాదానికి ఆయన ఊపిరి తీసుకునేలోగా ముగించండి. మీకు కర్ణాటక వయొలిన్ నేపథ్యం ఉందని రాశారు. అది వరమూ ఇబ్బందీ రెండూను. చెవి సిద్ధంగా ఉంటుంది, స్వరం వంచడం కొత్త కాదు. కాని చేయి కంపితంలోకి జారిపోతుంది, స్వరం ఊగుతూ పక్క స్వరాలను తాకి వస్తుంది. బి. బి. కింగ్ స్వరాన్ని ముందు నిలబెట్టి, ఆ తరువాతే మణికట్టు తిప్పుతూ, వేగంగా, ఇరుకుగా కదిలిస్తారు. గిటారును ఇంటర్‌ఫేస్‌లోని ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లోకి నేరుగా ఇచ్చి, ఆంప్ ధ్వనిని సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకుంటే, ఏ ప్రభావమూ లేని మూల ట్రాక్ మిక్సింగు చేసేవారికి మిగిలి ఉంటుంది. వాయించేటప్పుడు బఫర్ (సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి పోగుచేసుకునే ధ్వని ముక్క) 128 శాంపిళ్లు లేదా అంతకన్నా తక్కువ ఉంచండి, లేకపోతే వేళ్లకూ చెవికీ మధ్య దూరం తెలుస్తుంది.

మిక్సింగు గురించి ఎక్కువ చెప్పను, పై పనులు సరిగా జరిగితే అది చిన్నదే. నాలుగు ఇళ్ల ధ్వనిని ఒక గదిలోకి తేవడానికి, ఒక్కొక్క ట్రాక్‌కు ఒక్కొక్క రివెర్బ్ (గది ప్రతిధ్వనిని అనుకరించేది) వేయకుండా, చిన్న గది తరహా రివెర్బ్ ఒకటే పెట్టి అన్ని ట్రాకులనూ కొద్దికొద్దిగా అందులోకి పంపండి. గాత్రంలో 80 హెర్ట్జ్ కింద కోసేయండి. 300 హెర్ట్జ్ ప్రాంతంలో ఇంటి గదుల బొంగురు పేరుకుంటుంది, దాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. లయ కుదరలేదనిపిస్తే సాఫ్ట్‌వేర్ చూపే బీట్ల గీతలకు (గ్రిడ్‌కు) లాగకండి, గైడ్‌తో పోల్చి చూడండి. యూట్యూబ్ ఎలాగూ పెద్ద శబ్దాన్ని మైనస్ 14 లఫ్స్ (శబ్ద తీవ్రతకు ఒక కొలత) దాపులకు తగ్గిస్తుంది కనుక, శబ్దం ఎగసే చోట్లను నొక్కే లిమిటర్‌తో నలిపి ప్రయోజనం లేదు.

తీగవాద్యాలు పెట్టాలా అని అడిగారు. మూలంలో అవి బృందంతో కలిసి వాయించినవి కావు. 1969లో న్యూయార్కులో పాట రికార్డయ్యాక, నిర్మాత బిల్ సిమ్‌జిక్ ఆలోచన మీద, బర్ట్ డి కోటో కూర్పుతో వాటిని తరువాత చేర్చారు. ఒకరి వాద్యం మీద తరువాత ఇంకొకరిది చేర్చడంలో తప్పేమీ లేదనడానికి ఈ పాటే సాక్ష్యం. అక్కడ కూడా తరువాత వచ్చినవారు ముందున్నదాన్ని విని వచ్చారు. కీబోర్డులోని వయొలిన్ ధ్వనితో ఆ పని చేయబోతే మాత్రం చవకబారుగా ఉంటుంది. మీ చేతిలో నిజమైన వయొలిన్ ఉంది కదా, గిటారు ట్రాక్ అయిపోయాక చివరి ఆవర్తనాల్లో మాత్రం, రెండు మూడు పొడవైన స్వరాలు, మూడు నాలుగు సార్లు విడివిడిగా వాయించి ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. నచ్చకపోతే తీసేయండి.

హక్కుల సంగతి క్లుప్తంగా. పాట మీద హక్కు వేరు, దాని రికార్డింగు మీద హక్కు వేరు. అంతా మీరే వాయించారు కనుక రెండోదానితో పేచీ లేదు, అయితే దొరికిన కరోకీ ట్రాక్ ఏదీ కలపకండి. పాట మీద హక్కు మాత్రం ఇంకా అమలులోనే ఉంది. భారత కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షను కవర్ రికార్డింగులకు ఒక దారి చూపుతుంది కాని, ముందస్తు నోటీసు, ఏడాదికి కనీసం 50 వేల ప్రతుల లెక్కన రాయల్టీ వంటి షరతులు మీలాంటివారికి బరువే. యూట్యూబ్‌లో పెడితే సాధారణంగా ప్రచురణకర్త తరఫున క్లెయిమ్ పడి, ప్రకటనల ఆదాయం వారికి పోతుంది, వీడియో ఉంటుంది. అయితే వారు తలచుకుంటే ఆపనూ వచ్చు. స్ట్రీమింగ్ సేవలకు ఇవ్వాలంటే, కవర్ లైసెన్సు తీసిపెట్టే పంపిణీదారుని ద్వారా వెళ్లండి. వివరణలో రచయితగా బి. బి. కింగ్ పేరు రాయవద్దు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఈ పాటను రాసినవారు రిక్ డార్నెల్, రాయ్ హాకిన్స్; హాకిన్స్ స్వయంగా పాడిన రికార్డు 1951లోనే వచ్చింది. గైడ్ ట్రాక్ మొదలుపెట్టే ముందు మీ గాయకుడికి దాన్ని కూడా ఒకసారి వినిపించండి.